ఆ ‘మేం’లో ఎవరున్నారు?

“మీ ఆయనకి పెళ్ళి చేశామమ్మా,” అన్నాడు మేనేజరు.

ఏజెంట్ ట్వంటీసెవెన్ టీ కలపడం ఆపేసింది. పన్నెండేళ్ళ సర్వీసులో ఆవిడ రెండుసార్లు విషం నుంచి తప్పించుకుంది. ఒకసారి కదిలే రైల్లోంచి దూకింది. అప్పుడెప్పుడూ చేస్తున్న పని ఆపలేదు.

పైకి అది డ్రైక్లీనింగ్ షాపు. ముందు గది నిండా ప్లాస్టిక్ కవర్లు తొడిగిన కోట్లు వేలాడుతుంటాయి. రసీదు మీద నీలం గీత ఉన్నవాళ్ళని మాత్రం వెనక గదిలోకి పంపిస్తారు. ఆ వెనక గదే డిపార్ట్‌మెంటు. మేనేజరంటే చీఫ్.

“కంగారు పడకు, కాగితం మీద పెళ్ళే. ఏజెంట్ సిక్స్‌టీన్ ఇవాళ్టి నుంచి బ్రెయిన్ రీసెర్చ్ ప్రొఫెసర్ గారి తమ్ముడి కూతురికి మొగుడు. ఆ తమ్ముడి కూతురూ నిజం కాదు. మెరుపు.”

మెరుపు! డబుల్ ఏజెంట్. ఆమె ఫోటో ఉన్న ఫైలు చదవడానికి తీసుకున్న ఏ మగ ఏజెంటూ వారం లోపు తిరిగివ్వలేదని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు.

“అసలు సంగతి విను,” అన్నాడు మేనేజరు. “మెదడులో రక్తనాళం చిట్లిందనుకో. ఆ క్షణంలో తగిలే దెబ్బ మొదటిది. దాన్నెవరూ వెనక్కి తిప్పలేరు. కానీ అంతటితో అయిపోదు. కారిన రక్తం లోపలే గడ్డకట్టి కూర్చుంటుంది. ఆ గడ్డలో కణాలు రోజుల తరబడి పగులుతుంటాయి. వాటిలోని ఇనుము బయటికొచ్చి, చుట్టుపక్కల బాగున్న మెదడుని పాడుచేస్తుంది. వాపొస్తుంది. ఇది రెండో దెబ్బ. ప్రొఫెసర్ ఇరవై రెండేళ్ళు ఆ రెండో దెబ్బ మీదే పనిచేశాడు. మందు కనిపెట్టాడు.”

“పనిచేస్తుందా?”

“ఎలుకల్లో చేసింది. మనుషులకివ్వడానికి పర్మిషనొచ్చింది. ఆ కాగితం వచ్చేనాటికి ఆయనే అదే జబ్బుతో మంచం మీదున్నాడు. ఎడమవైపు బ్లీడింగ్. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. తన మందు తనకే అందలేదు పాపం.”

మొదటి పేషెంటు కోసం తయారైంది ఒకే ఒక్క వయల్, చిన్న మందుసీసా. అది ప్రొఫెసర్ ఇంట్లోనే డీప్ ఫ్రీజర్లో ఉంది. ఆయన బొటనవేలి ముద్ర పడితే తప్ప తలుపు తెరుచుకోదు. ‘శీతాకాలం’ అనే విదేశీ ముఠా దానికోసం కాచుకుని ఉంది. దాన్ని కాజేసి, దాని బదులు రక్తాన్ని పలచన చేసే మందు పెట్టాలని వాళ్ళ ప్లాను. అప్పుడు మొదటి పేషెంటు చచ్చిపోతాడు, రీసెర్చ్ మూతబడుతుంది. ఏడాది తిరిగేసరికి అదే మందు వాళ్ళ దేశంలో వాళ్ళ పేరుతో పుడుతుంది.

“వాళ్ళకి సాయం చేసే ఇంటిమనిషి ఎవరో ఉన్నాడు. ఎవరో తెలియాలి. మెరుపు వాళ్ళలో ఉంటూ మనకి పనిచేస్తోందో, మనలో ఉంటూ వాళ్ళకి పనిచేస్తోందో, అదీ తెలియాలి. నువ్వు స్పీచ్ థెరపిస్టువి. రోజూ పదింటికెళ్ళి ప్రొఫెసర్‌కి మాటలు నేర్పాలి. ఒక్క సంగతి గుర్తుంచుకో. అక్కడ నువ్వు ఏజెంటువి, భార్యవి కాదు.”

“అర్థమైంది సార్.”

“అర్థమైతే ఆ చెంచా వంకర తియ్యి.”

ఆవిడ చూసుకుంది. టీ చెంచా రెండుగా మడతపడి ఉంది.

*

ప్రొఫెసర్ ఇల్లు శుభ్రంగా, ఎండపొడతో ఉంది. హాల్లో కిటికీ పక్కన చక్రాల కుర్చీ. లోపలి గదిలో ఫ్రీజర్ సన్నగా మూలుగుతూ ఉంటుంది. రోజూ పదకొండింటికి ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి దాని ఉష్ణోగ్రత చూసి చార్టులో రాసుకుంటాడు. పద్దెనిమిదేళ్ళుగా ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తున్నాడు. అడుగు తీసి అడుగు వెయ్యడానికి ముహూర్తం చూసుకుంటున్నట్టు నడుస్తాడని అందరూ అతన్ని ‘నిదానం’ అంటారు. అనుమానితుల జాబితాలో అతని పేరు అట్టడుగున ఉంది.

ఇప్పుడు టీచరమ్మ అయిన ట్వంటీసెవెన్ సంచిలో రెండు పరికరాలు. ఒకటి లయ కొట్టే మెట్రోనోమ్. దాని అడుగున ట్రాన్స్‌మిటర్. రెండోది బొమ్మల కార్డుల కట్ట. తాళంచెవి బొమ్మ కిటికీలో పెడితే అంతా క్షేమం. కత్తెర పెడితే రెడ్ అలర్ట్.

ఆవిడ దువ్వెన బొమ్మ చూపించింది. “ఇదేంటండీ?”

“రైలు,” అన్నాడు ప్రొఫెసర్. అది తప్పని తనకే తెలిసింది. కళ్ళు ఎర్రబడ్డాయి. “వెధవ!” అన్నాడు స్పష్టంగా. మాటలన్నీ పోయినా తిట్లు చెక్కుచెదరలేదు. పాటా పోలేదు. పాటకి మెదడులో వేరే దారి ఉంటుందని ట్రైనింగులో చెప్పారు. ఆవిడ ఆయన ఎడమచేతి మీద లయ వేస్తూ రాగం తీసింది. “నీ... ళ్ళు... కా... వా... లి.” ఆయన వెంట పాడాడు. నాలుగోసారికి నిజంగానే నీళ్ళడిగాడు. ఆవిడ గ్లాసందిస్తుంటే నిజం టీచరమ్మలా పొంగిపోయింది.

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి నవ్వు వినిపించింది.

మెరుపు వచ్చింది. వెనకే సిక్స్‌టీన్. లేతాకుపచ్చ చొక్కా వేసుకున్నాడు. ఆ రంగు తనకి నప్పదని పన్నెండేళ్ళుగా ఇంట్లో గొడవపెట్టే మనిషి. తడిబట్టల బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఒక్కొక్కటీ దులిపి, క్లిప్పులు పెట్టి మరీ ఆరేస్తున్నాడు. సొంతింట్లో అయితే తుడుచుకున్న తువ్వాలు మంచం మీదే పడేస్తాడు.

“పెదనాన్నా, టీచరమ్మగారు కోప్పడుతున్నారా?” అని ప్రొఫెసర్ చెంప నిమిరింది మెరుపు. “మాకు కాస్త సాయం దొరికిందండీ, మీరొచ్చాక. మేం నిన్న సాయంత్రం ఎన్నాళ్ళకో అలా నడిచొచ్చాం.”

‘మేం.’ అంటే వాళ్ళిద్దరూ. టీచరమ్మ బయట.

“ఏమండీ, ఇవాళ కూడా మనం వెళ్దాం,” అని పెరటి వైపు కేకేసింది మెరుపు.

‘మనం.’ అంటే మళ్ళీ వాళ్ళిద్దరే. టీచరమ్మ మళ్ళీ బయటే.

ఆ రోజు నుంచి ఆవిడ థెరపీ రిజిస్టర్లో, ప్రొఫెసర్ పలికిన మాటల పక్కన, ఇంకో రెండు వరసలు మొదలయ్యాయి. మొదటిరోజు లెక్కలో, మొగుణ్ణి కలుపుకుని అతనితోనే అన్న మనం ఏడు. మొగుణ్ణి కలుపుకుని ఇతరులతో అన్న మేం పదకొండు. నిదానంతో మాట్లాడేటప్పుడు ‘మీరు’, ‘మీ ల్యాబువాళ్ళు’. మూడు వారాల్లో పేజీలు నిండాయి. వాళ్ళిద్దరూ కళ్ళకి కనబడేది కాసేపే. సాయంత్రం ఇంటికొచ్చి కూర తరుగుతుంటే, పళ్ళు తోముకుంటుంటే, అదంతా లోపల మెల్లగా పగిలి చుట్టూ పాకేది. ప్రొఫెసర్ పరిశోధించింది ఇలాంటిదాన్నే కాబోలు అనుకునేది ఆవిడ. దీనికి మందెవరూ కనిపెట్టలేదు.

రెండోవారం ఒక ఘోరం జరిగింది. సిక్స్‌టీన్ కాలరు మీద దారప్పోగు ఉంటే మెరుపు వేళ్ళతో తీసి, ఊది, కాలరు సర్దింది. టీచరమ్మ చెయ్యి దానంతటదే కదిలింది. ఆరో నిమిషంలో గ్యాస్ పొయ్యి రిపేరు మనుషుల వేషంలో ఇద్దరు ఏజెంట్లు తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చారు. కిటికీలో కత్తెర!

“దారం తీస్తే రెడ్ అలర్టా?” అని మెట్రోనోమ్‌లోంచి మేనేజరు గొంతు బుసకొట్టింది. “ఇంకోసారి అసూయతో రాసిన రిపోర్టు నాకు పంపావంటే నిన్ను షాపు ముందు గదిలో ఇస్త్రీకి వేస్తాను!”

*

అందరూ ఎదురుచూస్తున్న కబురు ఒక మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వచ్చింది. అందరూ భోజనాల దగ్గరున్నారు. టీచరమ్మ ప్రొఫెసర్‌కి చెంచాతో తినిపిస్తోంది. నిదానాన్ని కూడా కూర్చోబెట్టారు. మెరుపు ముందురోజు నుంచి కొత్త కళ్ళజోడు పెడుతోంది. చూపు తగ్గి కాదు, సోకు అనుకుంది టీచరమ్మ. అంతలో చెంచా కిందపడితే తియ్యడానికి ఆవిడ వంగింది. బల్ల కింద మెరుపు పాదం సిక్స్‌టీన్ పాదాన్ని తొక్కుతోంది. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. పైన సిక్స్‌టీన్ ఏమీ జరగనట్టు ఉప్పు అందించాడు. ఆవిడ చెంచా తీసుకోకుండానే లేచింది.

అప్పుడే ఫోను మోగింది. హాస్పిటల్ నుంచి. ఒక బస్సు డ్రైవరు. నిన్న నాలుగింటికి డిపోలో కూలబడ్డాడు. స్కాన్‌లో బ్లీడింగ్ తేలింది. ప్రొఫెసర్ పెట్టిన లెక్క ప్రకారం ఇరవై నాలుగు గంటల లోపు మందు పడాలి. అంటే ఇవాళ నాలుగు దాటకూడదు. డ్రైవరు భార్య సంతకం పెట్టి, హాస్పిటల్ వాళ్ళు సరేనని మళ్ళీ ఫోను చేసేసరికి మూడైంది.

ప్రొఫెసర్ బొటనవేలు ఫ్రీజర్ మీద ఆనించారు. తలుపు తెరుచుకుంది. నిదానం గ్లవ్స్ తొడుక్కుని, వయల్‌ని పొత్తిళ్ళలో పిల్లలా ఐస్‌బాక్సులోకి దించాడు. సిక్స్‌టీన్ కారు తాళాలు వెతుక్కుంటున్నాడు.

“ఏమండీ, మేం రెడీ. మీదే ఆలస్యం,” అంది మెరుపు మొగుడితో. “మేం పైకెళ్ళి మందిచ్చేసి వస్తాం. మీరు కారు దగ్గరే ఉండండి.” తర్వాత నిదానం వైపు తిరిగి, నవ్వి, “పదండి, మనం కానిద్దాం,” అంది.

కారు వెళ్ళిపోయింది.

టీచరమ్మకి ముందు హాయిగా అనిపించింది. మూడు వారాల తర్వాత మొదటిసారి తన మొగుడు ఆ మాటలోంచి బయటపడ్డాడు! మేం రెడీ, మీదే ఆలస్యం. బాగా అయింది. ఆ తృప్తితోనే రిజిస్టరు తెరిచి పెన్ను తీసి, వరసలో రాయబోయి ఆగిపోయింది.

ఏ వరసలో రాయాలి?

మొగుణ్ణి బయటికి తోసేశారు, సరే. మరి ఆ ‘మేం’లో లోపల ఎవరున్నారు? మెరుపు ఉంది. ఇంకొకరు? నిన్నటిదాకా ‘మీరు’, ‘మీ ల్యాబువాళ్ళు’ అయిన మనిషి. పదండి, మనం కానిద్దాం. అన్నేసి పేజీల్లో ఒక్కసారైనా ఇలా తిరగబడలేదు. ఆడది ఎవరితో ‘మనం’ అంటుందో, ఎవరితో ‘మేం’ అంటుందో ఒక్క పూటలో మారదు. మారిందంటే ఇల్లు మారినట్టే.

నిదానం. ఇంటిమనిషి నిదానం!

ఆవిడ మెట్రోనోమ్ మీట నొక్కింది. “సార్, వయల్ మార్చేసేది టెక్నీషియన్. వెంటనే హాస్పిటల్ చుట్టూ మనుషుల్ని దింపండి.”

“ఆధారం?”

“మెరుపు ఆయనతో ‘మనం’ అంది సార్. మా ఆయనతో ‘మేం’ అంది.”

అవతల ఇస్త్రీ పెట్టె ఆవిరి బుస్సుమంది.

“మళ్ళీ మొదలెట్టావా తల్లీ,” అన్నాడు మేనేజరు. లైను తెగిపోయింది.

మూడు ఇరవై అయింది. ఆవిడ ప్రొఫెసర్ వైపు చూసింది. ఆయన ఆవిడ వైపు చూశాడు.

“వెధవ,” అన్నాడు.

“అవునండీ,” అని చక్రాల కుర్చీని వీధిలోకి తోసుకుంటూ టాక్సీకి చెయ్యూపింది.

*

నాలుగో అంతస్తు. వార్డు బయట బల్ల మీద ఒకామె భర్త బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరో వస్తున్నారని లేచి నిలబడింది. టీచరమ్మ ఆమె మొహం చూడలేక కుర్చీని లోపలికి నెట్టింది. గోడ గడియారంలో మూడు యాభై.

మంచం మీద డ్రైవరు. పెద్ద మనిషి, చేతులు స్టీరింగ్ పట్టుకుని మొద్దుబారినవి. సెలైన్ గొట్టానికి డ్యూటీ డాక్టరు సిరంజి బిగించి, బొటనవేలు పిస్టన్ మీద పెట్టింది. మెరుపు మంచం పక్కనే రాయిలా నిలబడి ఉంది. నిదానం లేడు; వెనక తలుపు ఇంకా ఊగుతోంది.

“ఆగండి! ఆ మందు ఎక్కించకండి!”

“ఎవరండీ మీరు?”

“మాటలు నేర్పే టీచర్ని.”

“ఎందుకు ఆపాలి?”

దగ్గరున్న సాక్ష్యం ఒక్క సర్వనామం. దాన్ని చీఫే నమ్మలేదు.

“ఇంకో పది నిమిషాలే ఉంది. అడ్డు తప్పుకోండి,” అంది డాక్టరు.

ప్రొఫెసర్ కుర్చీలో ముందుకి వంగాడు. ట్రేలో పెట్టిన వయల్ అడుగున నాలుగు చుక్కలు మిగిలి ఉన్నాయి. ఎడమచేత్తో దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తాడు. నీళ్ళలా స్వచ్ఛంగా ఉంది. ఆయన మొహం పాలిపోయింది. పెదాలు అల్లాడాయి. “రైలు,” అన్నాడు. తల అడ్డంగా ఊపుకుని, “రైలు... రైలు...” ఇరవై రెండేళ్ళ చదువు గొంతు దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది.

డాక్టరు జాలిగా చూసి సిరంజి వైపు తిరిగింది.

టీచరమ్మ ఆయన ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. మెట్రోనోమ్ లేదు. తన గుండె చప్పుడే లయగా పెట్టుకుని ఆ చేతి మీద తట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నీళ్ళడిగే రాగం సన్నగా తీసింది, మాటలు లేకుండా.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పాడాడు.

“నా... ది... కా... దు.”

వార్డులో అందరూ తిరిగి చూశారు.

“నాది కాదు. నాది... పసుపు,” అని పాడి, ఆయన వయల్‌ని గోడకేసి కొట్టాడు.

డాక్టరు సిరంజి ఊడబెరికింది. అదే క్షణంలో మెరుపు కళ్ళజోడు తీసి నేల మీదేసి మడమతో నూరింది. “వెనక మెట్లు! అసలు వయల్ ఫ్లాస్కులో ఉంది!”

టీచరమ్మ కిటికీ దగ్గరికి ఉరికింది. నాలుగంతస్తుల కింద లేతాకుపచ్చ చొక్కా కారుకి ఆనుకుని పేపరు చదువుతోంది. కోడ్ వర్డు గుర్తురాలేదు. ఏజెంటు నంబరూ గుర్తురాలేదు.

“ఏమండీ!”

సిక్స్‌టీన్ పేపరు పడేశాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆయనకి ఏమండీలు తెలుసు. పాలు పొంగుతున్న ఏమండీ వేరు, చుట్టాలొచ్చిన ఏమండీ వేరు. ఇది దొంగ పడ్డ ఏమండీ. ఆవిడ వేలు చూపించిన వైపు పరుగెత్తాడు. వెనక మెట్ల దగ్గర నిదానం జీవితంలో మొదటిసారి మూడేసి మెట్లు దూకుతూ దిగుతున్నాడు. ఆఖరి మెట్టు మీద సిక్స్‌టీన్ భుజం అతని ఛాతీకి తగిలింది. గాల్లోకి లేచిన ఫ్లాస్కుని సిక్స్‌టీన్ పొట్టకి హత్తుకుని కిందపడ్డాడు.

డ్రైవరు రక్తంలోకి పలచటి పసుపు మందు వెళ్ళేటప్పటికి మూడు యాభై తొమ్మిది.

*

“‘శీతాకాలం’ వాళ్ళు నిన్ననే ఆ కళ్ళజోడు పెట్టారు నాకు,” అంది మెరుపు, కారిడార్లో గోడకి జారగిలబడి. “నేను చూసేది చూస్తారు, మాట్లాడేది వింటారు. నిదానం వాళ్ళ మనిషని ఇవాళ పొద్దున్నే చెప్పారు. కాగితం మీద రాయలేను, చెవిలో చెప్పలేను. సిరంజి ఆపితే వయల్ పోతుంది, వయల్ వెంటపడితే మనిషి పోతాడు. ఇంకొకరు కావాలి. మీ ఆయన కాలు మూడుసార్లు తొక్కానండీ! ‘సారీ’ అని కాలు వెనక్కి తీసుకుని ఉప్పందించారు.”

“అది సైగా!” అంది టీచరమ్మ.

“వాళ్ళ భాషలో ‘మనం’కైనా, ‘మేం’కైనా ఒకటే మాట. తర్జుమా చేసేవాడికి తేడా దొరకదు. నిదానం వాళ్ళ మనిషే కాబట్టి ‘మనం’ అంటే అతనికీ వింతగా తోచదు. ఇంక ఆ మాట పట్టుకునేవాళ్ళు ఇంట్లో మీరొక్కరే. మూడు వారాలుగా నా మాట ఒక్కటీ వదలకుండా రాసుకున్నది ఎవరు చెప్పండి? నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్ళు నా జీవితంలో లేరు.”

“మీరు చూశారా, నేను రాయడం?”

“చూశాను. కత్తెర కూడా చూశాను.” మెరుపు నవ్వింది. దగ్గర్నుంచి చూస్తే కళ్ళ కింద అలసట, నుదుట సన్నగా గీతలు. అలా ఉండి కూడా అందంగానే ఉందని టీచరమ్మకి కష్టంగా తోచింది.

ఇంటికెళ్ళే దారిలో ఆవిడ మొగుణ్ణి అడిగింది. “ఆవిడ కళ్ళజోడు లేకుండానే బాగుంది కదూ?”

“ఎవరు?” అన్నాడు సిక్స్‌టీన్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. మంచి ట్రైనింగు అయినవాడు.

నాలుగోరోజు స్కాన్‌లో డ్రైవరు మెదడులో వాపు ఎవరూ అనుకున్నంత రాలేదని తేలింది. అయిదోరోజు అతను భార్యని పేరు పెట్టి పిలిచాడు. ఆ సంగతి చెబితే ప్రొఫెసర్ చాలాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మిషన్ ముగిశాక నింపాల్సిన ఫారంలో పదకొండో గడి ‘శత్రువును కనిపెట్టుటకు ఉపయోగించిన పరికరము’. ట్వంటీసెవెన్ కాసేపు ఆలోచించి, అబద్ధం రాయబుద్ధికాక, ‘అసూయ, ఒకటి’ అని రాసి సంతకం పెట్టింది. మేనేజరు చదవకుండానే ముద్ర వేసి పంపేశాడు. పదిరోజులకి పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది: “సదరు పరికరము పనితీరు మిక్కిలి సంతృప్తికరముగానున్నది. మరి పన్నెండుగురు ఏజెంట్లకు దీనిని అమర్చుటకు ఎన్నాళ్ళు పట్టునో తెలియజేయవలెను.”